పుస్తకంలో ఒకే ఒక్క భోజనం

మా ఆయన కుడిచెయ్యి విరిగింది మా వంటింటి రుబ్బురోలు మీదే. వడలకని నేను అలసందలు నానబోసి ఉన్నాను. నలుగురు వచ్చారు. ముగ్గురు ఆయన్ని కూలదోసి పట్టుకుని, అరచెయ్యి రోటి అంచు మీద పరిచారు. నాలుగోవాడు నాగన్న పొత్రం ఎత్తి వేశాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన అరిచిన అరుపుకు ఎదురింటివాళ్ళు తలుపు మూసుకున్నారు. నాగన్న రెండో దెబ్బ కూడా వేసి, పొత్రం ఎక్కడిది అక్కడ పెట్టి, నావైపు తిరిగి, "అక్కా, బాగ కడుక్కో. నెత్తురు పడిండాది" అన్నాడు. మర్యాద తెలిసినవాడు.

మా ఆయన చేసిన నేరం పుస్తక సమీక్ష రాయడం.

ఆ పుస్తకం పేరు 'మా వంశ ప్రతాపం'. రాసింది నారాయణ మామ. మా ఆయనకు చిన్నాయన వరస. ఉరవకొండ అవతల మా అత్తవారి ఊళ్ళో సగం చేలు ఆయనవి, శెనక్కాయల మిల్లు ఆయనది, ఊరి భయమంతా ఆయనదే. మిగతా సగం చేలు రామప్పవి. ఆ రెండిళ్ళ మధ్య పగ ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు కాబట్టి, నారాయణ మామ దాన్ని పుస్తకంగా రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. మొదటి పేజీలో తుపాకి పట్టుకున్న తన ఫోటో.

రామప్ప రచ్చకట్ట మీద కూర్చుని ఒక్క మాట అన్నాడట: "దుడ్లిస్తే అచ్చాపీసోడు గాడిద జాతకం గూడా అచ్చేస్తాడు. సదువుకున్నోడెవడన్నా అది నిజమని రాయనీ, అప్పుడు సూస్తాం."

ఆ మాటకు నారాయణ మామకు నిద్ర పట్టలేదు. పుస్తకాన్ని ఒక చరిత్ర పత్రికకు పంపాడు. ఆ సంపాదకుడు, 'అనంతపురం వాళ్ళ పుస్తకం అనంతపురం వాళ్ళే చూడాలి' అని, కాలేజీలో చరిత్ర చెప్పే మా ఆయనకే సమీక్షకు పంపాడు. మా ఆయన రాశారు: "ఈ గ్రంథంలో తేదీలు లేవు, శాసనాలు లేవు, కొడవళ్ళు మాత్రం ఉన్నాయి. ఇది చరిత్ర కాదు, ముద్దాయి తనంతట తాను ఇచ్చుకున్న వాంగ్మూలం." పత్రికకు చేరకముందే ఆ కాగితం ఎవరి చేతుల మీదుగానో నారాయణ మామకు చేరింది. మరుసటి రోజుకు మా రోలు మైలపడింది.

పెద్దాసుపత్రిలో కట్టు కట్టించుకుని వచ్చేసరికి మా వాకిట్లో జీపు ఉంది. నారాయణ మామ బుట్టెడు బత్తాయిలు తెచ్చాడు.

"యేం కోడలా, బాగుండావా?"

"నేను బాగానే ఉన్నాను మామా."

"మోటు నా కొడుకులమ్మా. వానికి నచ్చజెప్పి రాపోండ్రా అంటే, ఇట్ల నచ్చజెప్పినారు." మంచం మీదున్న మా ఆయనవైపు చూసి నిట్టూర్చాడు. "జయరాముడూ, నువ్వు మా అన్న కొడుకువి. నీ చెయ్యి ఇరిగితే నా చెయ్యి ఇరిగినట్ల కాదా?"

"మీ చెయ్యి బాగానే ఉంది కదా చిన్నాయనా" అన్నారు మా ఆయన, పళ్ళు బిగించి.

"ఎగతాళి ఇంకా పోలే నీకు. సరే. వచ్చే మంగళారం మారెమ్మ జాతర. రామప్ప మందీ వస్తారు, నా మందీ వస్తారు. ఆ పొద్దు నా బుక్కు గురించి సదువుకున్నోల్ల మాట స్టేజీ ఎక్కి చదవల్ల. కొత్తగా రాయి."

నేను ఊరుకోలేక, "దేంతో రాస్తారు మామా?" అన్నాను.

రాసే చెయ్యి విరగ్గొట్టి రాత అడుగుతున్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. కాసేపు బత్తాయిల వైపు చూశాడు. "నువ్వు బీయే కదా కోడలా? వాడు జెప్తాడు, నువ్వు రాయి. చదివేది గూడా నువ్వే చదువు. మా ఇంటి కోడలు స్టేజీ ఎక్కి చదివితే ఆ రామప్పగాని మొగం మాడిపోతాది." లేచి నిలబడి కండువా దులుపుకున్నాడు. "ఒగటే మాట. మీ సొంత కవిత్వం నాకొద్దు. నా బుక్కులో ఏముండాదో అదే రాయల్ల. లేదంటే..." మా ఆయన ఎడమచేతిని మెల్లగా నిమిరాడు. "ఇదొగటి మంచిగుండాది కదా ఇంకా."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. బత్తాయిలు పుల్లగా ఉన్నాయి.

*

"సమీక్షలో విమర్శ లేకపోతే అది సమీక్ష కాదు" అన్నారు మా ఆయన ఆ సాయంత్రం. నొప్పిలో కూడా ఆయన లెక్చరరే.

"మీరు రాసింది కూడా సమీక్ష కాదు లెండి. తిట్టు."

"నిజం రాశాను."

"కొడవళ్ళు మాత్రం ఉన్నాయి అని రాసి, ఒక్క కొడవలీ చూపించలేదు. ఆయన ఏం చెప్పాడో చెప్పకుండా మీకేం అనిపించిందో చెప్పారు. మీ క్లాసులో పిల్లవాడు ఇలా రాస్తే మీరే సున్నా వేస్తారు."

ఆయన కోపంగా చూసి, ఆ పైన నిజం ఒప్పుకున్నారు. అది ఆయనలో మంచి గుణం. దిండుకు చేరగిలబడి, నాకు క్లాసు తీసుకున్నారు. ముందు పుస్తకమంతా చదవాలి, అట్ట నుంచి అట్ట దాకా. తర్వాత గ్రంథకర్త చెప్పింది చెప్పాలి. ఎలా చెప్పాలంటే, గ్రంథకర్తే చదివి, 'అవును, నేను చెప్పింది ఇదే' అని ఒప్పుకోవాలి. పుస్తకం స్వభావం మొత్తం ఒక్కచోట కనిపించే వాక్యం ఏదో వెతికి, దాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయాలి. పేజీ నంబరు వెయ్యాలి. ఇవన్నీ అయ్యాకే మన మాట.

"మన మాట మామకు వద్దట కదా."

"అయితే ఎడమచెయ్యి పోయినట్టే."

"ఇంకా పోలేదుగా. నన్ను చదవనివ్వండి."

ఆ మరుసటి రోజు చిన్నక్క వచ్చింది, మా అత్తవారి ఊరినుంచి బస్సెక్కి. నాగన్న తల్లి. చంకలో కాళ్ళు కట్టిన కోడిపుంజు. వాకిట్లోనే కూలబడి, "సారు కాళ్ళు పట్టుకుంటామని వచ్చినానమ్మా. నా కొడుకు చేతులు పడిపోను" అని ఏడ్చింది.

లోపలికి రమ్మని మజ్జిగ ఇచ్చాను.

"వాడు యెదవ కాదమ్మా. వాళ్ళ అన్న సచ్చినప్పట్నుంచి వానికి మనిషితనం పాయె. నారాయణప్ప ఏం జెప్తే అది. మా పెద్దోనికోసరం నారాయణప్ప కోర్టుల చుట్టూ తిరిగినాడు కదా, రామప్ప మనుషులు ఆరుమందిని కడప జైలుకు పంపించినాడు కదా. ఆ రుణం తీర్చాలంటాడు వీడు."

ఆ పెద్దకొడుకు, మామ జీతగాడు పుల్లన్న కథ నేను పెళ్ళైన కొత్తలోనే విన్నాను. రామప్ప చేను గట్టు మీద పట్టపగలు నరికి పడేశారు. తల ఒకచోట, చెయ్యి ఒకచోట. రామప్ప మనుషులే చంపారని కేసు.

చిన్నక్క మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, నాకు కాదు గోడకు చెప్పినట్టు చెప్పింది: "పోన్లే, సచ్చిన పొద్దన్నా నా బిడ్డ కడుపునిండా తిన్యాడు. నారాయణప్ప ఇంట్లో పొట్టేలు కూర పెట్టిచ్చినారంట. నెత్తికి కొత్త రుమాలు. ఆయప్పే చేతులారా చుట్టినాడంట. పెండ్లికొడుకు మాదిరి పోయినాడమ్మా చేనికి, ఒగడే."

కోడిపుంజును వద్దన్నా వదిలి వెళ్ళింది.

*

'మా వంశ ప్రతాపం' నేను పొయ్యి దగ్గర కూర్చుని చదివాను. నా ఇల్లాలి బతుకులో అంత నెత్తురు ఎప్పుడూ చూడలేదు. మొదటి ప్రకరణంలో రామప్ప వంశంవాణ్ణి బావిలో దోసి పైనుంచి రాళ్ళు వేశారు. అతను అరుస్తున్నంతసేపూ వేశారట, 'అరుపు ఆగినను మరికొన్ని వేసిరి.' రెండో ప్రకరణంలో ఒక తల బండి మీద ఊరేగింది. మూడోదానిలో గడ్డివాము తగలబెట్టారు, అందులో దాక్కున్నవాడితో సహా. ప్రతి చావుకూ ఒక పద్యం. పద్యాలు చావులకన్నా ఘోరంగా ఉన్నాయి.

చదువుతూ పోగా నాకొక విచిత్రం కనిపించింది. ఇన్ని తరాల మగవాళ్ళు పొద్దున్న లేచి నరకడం, సాయంత్రం వచ్చి పడుకోవడం తప్ప, ఎవరూ అన్నం తినరు. ఏ ఆడమనిషీ పొయ్యి ముట్టించదు. సరే, రాసినవాడు మగవాడు, అన్నం ఆకాశం నుంచి పడుతుందనుకుంటాడు, అనుకున్నాను. నూట పన్నెండో పేజీకి వచ్చేసరికి భోజనం వచ్చింది. పుస్తకం మొత్తానికి అదొక్కటే.

"ఆ దినమున మా ముత్తాతగారు, కాలు కుంటుపడి పనికి చాలని తమ జీతగానిని పిలిపించి, పొట్టేలు మాంసముతో కడుపునిండ భోజనము పెట్టించి, స్వహస్తములతో వాని తలకు క్రొత్త రుమాలు చుట్టి, శత్రువుల చేని గట్టునకు ఒంటరిగా పంపిరి. వెనుకనే మన మనుషులు పోయి పని ముగించిరి. నేరము శత్రువుల మెడకు చుట్టుకొనెను. వారి చేలు మనవాయెను. చావబోవువానిని సైతము ఆకలితో పంపని ఉదారహృదయము మా వంశమునకే చెల్లినది."

పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. నేను దించలేదు.

పుస్తకం తీసుకెళ్ళి మా ఆయన ముందు పెట్టి, ఆ పేజీ చూపించాను. చిన్నక్క గోడకు చెప్పిన మాట ఆయనకు చెప్పాను. ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివారు.

"పుల్లన్నకు అప్పుడు ఛాతీ జబ్బు" అన్నారు చివరికి. "మూటలు ఎత్తలేకపోయేవాడు."

"పుస్తకం స్వభావం మొత్తం ఒక్కచోట కనిపించే వాక్యం కావాలన్నారు కదా?"

"నాగన్న వింటాడు."

"వినడానికే కదా చదివేది. వాడు ఆ ఇల్లు వదిలిపోతే, మీ ఎడమచెయ్యి మీద పొత్రం ఎత్తేవాడు ఎవడు?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. "పేజీ నంబరు వెయ్యి" అన్నారు.

మా మాట ఒక్కటీ లేకుండా రాశాను. సోమవారం నాడు నారాయణ మామ గుమాస్తాతో వచ్చి, చదివించుకుని విన్నాడు. వింటున్నంతసేపూ తొడ మీద తాళం వేశాడు. బావి దగ్గర నవ్వాడు. రుమాలు దగ్గర కళ్ళు చెమర్చాయి.

"అవును కోడలా, నేను జెప్పింది ఇదే! ఆ రుమాలు ముక్క పట్టినావు చూడు, అదీ మా ముత్తాత బుద్ధి. రాసేటప్పుడు ఈ సన్నాసి గుమాస్తా అది వద్దన్నాడు."

గుమాస్తా నేల చూపులు చూశాడు. జీతగాళ్ళకు తల్లులు ఉంటారనీ, వాళ్ళకు జ్ఞాపకం ఉంటుందనీ నారాయణ మామకు తెలుసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

*

జాతర నాడు ఎండ నిప్పులు చెరిగింది. మూడేళ్ళుగా వానల్లేక చేలు బోడిగా ఉన్నాయి. మారెమ్మ గుడి ముందు పందిరి వేసి, పక్కన బల్లలతో స్టేజీ కట్టారు. ఒకవైపు నారాయణ మామ మనుషులు, మరోవైపు రామప్ప మనుషులు, మధ్యలో ఇద్దరు పోలీసులు బీడీ పంచుకుంటూ. రెండువైపులా గొంగళ్ళ కింద కొడవళ్ళు. గుడి మెట్ల దగ్గర పసుపు పూసిన పొట్టేలు వేపాకు నములుతోంది. మా ఆయన కట్టు కట్టిన చేత్తో ముందు వరసలో కూర్చున్నారు. రానంటే జీపులో ఎత్తుకొచ్చారు.

పొట్టేలు పక్కన నాగన్న, వేటకొడవలి పట్టుకుని. తలకు జరీ అంచు కొత్త రుమాలు.

స్టేజీ ఎక్కబోతూ వాడి దగ్గర ఆగాను.

"అన్నం తిన్నావా నాగన్నా?"

"తింటి అక్కా. నారాయణప్పోల్ల ఇంట్లోనే." పొట్ట నిమురుకున్నాడు. "పొట్టేలు కూర."

"రుమాలు బాగుంది."

"అప్పే చుట్టినాడు పొద్దున." సిగ్గుపడ్డాడు. నా మొగుడి చెయ్యి విరగ్గొట్టిన మనిషి, పెండ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. "పొట్టేలు ఏట వేసినంక పొలి చల్లేది గూడా నేనే."

పొలి అంటే నెత్తురు కలిపిన అన్నం. ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పరుగెత్తాలి. పొలిమేరలో సగం రామప్ప చేల గట్లే.

"నీతో ఎవరు వస్తారు? ఎప్పుడూ పదిమంది కత్తులు పట్టుకుని పోతారు కదా?"

"ఈసారి ఒగన్నే పొమ్మన్నాడు. నువ్వొగడు చాలురా, నీకెవడు ఎదురొస్తాడు అనె."

వాడి ఎడమకన్ను పొర కమ్మి ఉండటం నేను అప్పుడే చూశాను. పనికి చాలని జీతగాడు.

నారాయణ మామ మైకు ముందు నన్ను పరిచయం చేశాడు: "మా కోడలు. బీయే. నా బుక్కు అక్షరం అక్షరం సత్యమని చదువుకున్నోల్లు రాసినారు, ఇనండి. రామప్పా, చెవులు దులుపుకో!"

చదివాను. బావి వచ్చినప్పుడు నారాయణ మామ మనుషులు ఈలలు వేశారు. ఊరేగిన తల వచ్చినప్పుడు రామప్ప వైపు గొంగళ్ళు కదిలాయి. పోలీసులు బీడీ ఆర్పారు. నూట పన్నెండో పేజీ వచ్చింది. పొట్టేలు మాంసంతో కడుపునిండా భోజనం, స్వహస్తాలతో కొత్త రుమాలు, ఒంటరిగా గట్టుకు, వెనకనే మన మనుషులు.

ఈలలు ఆగిపోయాయి.

ఆ వాక్యం మళ్ళీ చదివాను. ఈసారి గ్రాంథికం తీసేసి, మా ఊరి మాటల్లో. సమీక్షకు అది పద్ధతి కాదు.

ఆడవాళ్ళ మధ్యనుంచి చిన్నక్క లేచింది. ఏడవలేదు. "నాగన్నా! అది తీసెయ్‌రా నాయనా! నెత్తి మీదిది తీసెయ్!" అని ఒకే కేక.

నాగన్న రుమాలు విప్పాడు. దాన్ని మడతలు మడతలుగా చూశాడు. స్టేజీ దగ్గరికి వచ్చాడు.

"అప్పా, మా అన్నకు రుమాలు ఎవరు చుట్టినారు?"

"జాతర నడస్తాంటే ఏం మాటలురా అవి? పో, ఏటెయ్ పో."

"ఎవరు చుట్టినారప్పా?"

"ఒరే, అవన్నీ బుక్కులో కతలు రా. ఏదో సొగసుకు రాస్తాం."

"కతలా?" నాగన్న మా ఆయనవైపు చెయ్యి చూపించాడు. "కతలని రాసినందుకే కదా ఆయప్ప చెయ్యి ఇరగ్గొట్టమంటివి? నేనే కదా ఇరగ్గొట్టింది? సత్యమంటివి కదప్పా!"

నారాయణ మామ వెనకనున్న అల్లుళ్ళ వైపు చూశాడు. వాళ్ళు రామప్ప చేని గట్టువైపు చూశారు. అక్కడ జొన్నచొప్ప కుప్ప వెనక ముగ్గురు మనుషులు లేచి నిలబడి, ఏం జరుగుతోందో తెలియక మెడలు సాచి చూస్తున్నారు. నారాయణ మామ మనుషులే. చేతుల్లో కొడవళ్ళు. నాగన్న కూడా వాళ్ళను చూశాడు. ఇంక అడగలేదు, స్టేజీ ఎక్కాడు.

మొదటి వేటు భుజం మీద పడింది. నారాయణ మామ బల్లల మీద నా కాళ్ళ దగ్గర పడ్డాడు, తుపాకి ఫోటోలో ఉన్నంత పెద్దమనిషి కాదు, పొట్టిగా, నోరు తెరుచుకుని. చేతులు అడ్డం పెట్టాడు. రెండో వేటుకు ఒక చెయ్యి మోచేతి దాకా తెగి బల్లల సందులోంచి కిందికి జారింది. కుడిదో ఎడమదో నేను చూడలేదు. మూడోది మెడ మీద. నెత్తురు మైకు మీద చిమ్మి, మైకు కీచుమంది. నా చీరంతా తడిసింది, కాగితాలు తడిశాయి. అల్లుళ్ళు కొడవళ్ళు తీశారు. గొంగళ్ళు ఎగిరాయి. ఎవరు ఎవరిని నరుకుతున్నారో తెలియని కొట్లాట. ఒకడి చెవి, ఒకడి వేళ్ళు, పందిరి గుంజకు ఆనుకుని పేగులు పట్టుకున్న ఒకడు. పోలీసులు కలిసి ఒకే సైకిలు మీద స్టేషనుకు కబురు చెప్పడానికి పోయారు.

ఎవరో నా మెడ పట్టుకుని కిందికి లాగారు. మా ఆయన, ఎడమచేత్తో. ఆ చెయ్యి నన్ను బల్లల కిందికి ఈడ్చి, తల వంచి పట్టుకుంది. కేకలు ఆగేదాకా వదల్లేదు.

పొట్టేలు తాడు తెంపుకుని కొండ దిక్కుగా పోయింది. ఆ ఏడు మారెమ్మకు దాని అవసరం పడలేదు.

*

నాగన్న ఎక్కడికీ పోలేదు. పోలీసు వ్యాను వచ్చేదాకా గుడి మెట్ల మీద తల్లి పక్కన కూర్చున్నాడు. పక్కటెముకల్లో దిగిన కత్తి గాయానికి ఆ జరీ రుమాలే అదిమి పట్టుకుని. నన్ను చూసి, "అక్కా, సారుకు చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో వాడికి తోచలేదు.

"చెప్తాలే" అన్నాను.

కోర్టులో నాగన్న తరఫు ప్లీడరు ఆ పుస్తకం దాఖలు చేశాడు. జడ్జీ చదివాడో లేదో గానీ, పుల్లన్న కేసులో కడపలో ఉన్న ఆరుగురిలో బతికి ఉన్న నలుగురు ఇంటికి వచ్చారు. నాగన్న కడపకు పోయాడు. నారాయణ మామ అల్లుళ్ళు మా ఇంటివైపు రాలేదు. ఆస్తి పంపకాల్లో ఒకరినొకరు చూసుకోవడానికే వాళ్ళకు చాలినన్ని కొడవళ్ళు లేవు.

పత్రిక సంపాదకుడు మాత్రం, సమీక్ష ఇంకా అందలేదని ఉత్తరం రాశాడు. చివర సమీక్షకుడి అభిప్రాయం తప్పక ఉండాలన్నాడు. మా ఆయన బల్ల దగ్గర కూర్చుని, ఎడమచేత్తో, ఒకటో తరగతి పిల్లవాడిలా నాలుక బయటపెట్టి, వంకర అక్షరాలు కూడబెట్టారు. ఒక పూట పట్టింది. నేను కాఫీ తెచ్చి తొంగిచూశాను.

'గ్రంథకర్త చెప్పినదంతా నిజమే. ఇంతకుముందు నేను అనుమానించినందుకు చింతిస్తున్నాను.'

"పేజీ నంబరు వేయలేదు" అన్నాను.

ఆయన మళ్ళీ కలం అందుకున్నారు, అదే చేత్తో.